గైడ్ వద్దంటున్నారు, ప్రీప్రింట్ పెట్టేయొచ్చా?

బావినీళ్లు, బరంపురం
మంగళవారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు తప్పట్లేదు.

నేను కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నా, ఇది నాలుగో ఏడు. ఏ యూనివర్సిటీయో అడక్కండి. గంజాం, గజపతి జిల్లాల్లో తెలుగు మాట్లాడే పల్లెలు తిరిగి ముప్పై ఆరు తాగునీటి బావుల్లో ఫ్లోరైడ్ కొలిచాను. మే నెలలో ఒక విడత, వానలయ్యాక నవంబర్‌లో ఇంకో విడత. చాలాచోట్ల బాగానే ఉంది. ఒక ఊళ్ళో మాత్రం నవంబర్‌లో పదకొండు బావులు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటాయి. బీఐఎస్ (మన దేశపు ప్రమాణాల సంస్థ) లెక్కలో 1 దాకా మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. ఆపైన తాగకూడదు.

పేపర్ రాసి జర్నల్‌కి పంపి నాలుగు నెలలు దాటింది. రోజూ లాగిన్ అయి చూస్తాను, 'రివ్యూలో ఉంది' అనే ఉంటుంది, అంటే తోటి నిపుణుల పరిశీలన ఇంకా కాలేదని. ఆ ఊళ్ళో ఒక పెద్దమ్మ ఉంది. నేను సీసాలు పట్టుకుని వెళ్ళినప్పుడు తనే చేద వేసి తోడి ఇచ్చింది, ఎండలో తిరుగుతున్నానని మజ్జిగ కూడా పోసింది. మొన్న వేరే పని మీద అటు వెళ్తే 'మా నీళ్లు బాగున్నాయా అమ్మా?' అని అడిగింది. ఇంకా రిపోర్టు రాలేదని చెప్పాను. రిపోర్టు నా బ్యాగులోనే ఉంది.

ప్రీప్రింట్ పెట్టేద్దామంటే, అంటే రివ్యూ కోసం ఆగకుండా పేపర్‌ని నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టేద్దామంటే, గైడ్ గారు ససేమిరా అంటున్నారు. మన ఐడియా ఎవరో కొట్టేస్తారట, జర్నల్ వాళ్ళు పేపర్ తిప్పి పంపేస్తారట, వార్తల్లో పడి గొడవవుతుందట. ఏం చెయ్యను?

ఎక్స్ అంటే కై
మంగళవారం రాత్రి 11:02

నాదీ బరంపురమే, ఇప్పుడు పోస్ట్‌డాక్ కోసం బయట ఉన్నాను. మీ గైడ్ గారి మొదటి రెండు భయాలకూ జవాబుంది, మూడోదానికి నా దగ్గర లేదు.

ఐడియా కొట్టేయడం సంగతి. ప్రీప్రింట్ పెట్టిన రోజు తారీఖు పడుతుంది, దాదాపు అన్ని సర్వర్లూ (ప్రీప్రింట్లు పెట్టే సైట్లు) డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబర్ కూడా ఇస్తాయి. 'ఇది మేము ముందు చేశాం' అనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? జర్నల్‌లో ఆరేడు నెలలు మూసి ఉన్నప్పుడే ఎవరో ఒకరు అదే పని బయటపెట్టే ప్రమాదం ఎక్కువ. ఇక జర్నల్ తిప్పి పంపడం అంటారా, పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు ఒప్పుకుంటాయి. ఒప్పుకోనివీ కొన్ని ఉన్నాయి. మీ జర్నల్ సైట్‌లో ప్రీప్రింట్ పాలసీ అని ఒక పేజీ ఉంటుంది, అది చదివి గైడ్ గారికి ప్రింటవుట్ తీసి ఇవ్వండి. పెద్దవాళ్ళు కాగితాన్ని నమ్ముతారు.

అసలు ఈ అలవాటు ఎక్కడిదో చెబితే మీకు నచ్చుతుంది. ఫిజిక్స్ వాళ్ళు రాతప్రతిని జిరాక్స్ తీసి తెలిసినవాళ్ళకి పోస్టులో పంపుకునేవారు. పెద్ద పెద్ద చోట్ల ఉన్నవాళ్ళకి అందేది. బరంపురంలో ఉన్నవాడికి ఎవరు పంపుతారు? 1991 ఆగస్టులో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబులో పాల్ గిన్స్‌పార్గ్ అనే ఫిజిక్స్ ఆయన దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తరవాత కార్నెల్ యూనివర్సిటీకి మారింది, అదే ఆర్కైవ్. స్పెల్లింగ్‌లో ఎక్స్ ఉంటుంది, అది గ్రీకు అక్షరం కాబట్టి కై అని చదవాలి. నా పేరు అక్కడిదే, నవ్వకండి. జీవశాస్త్రానికి 2013లో బయోఆర్కైవ్, వైద్యానికి 2019లో మెడ్ఆర్కైవ్ వచ్చాయి. నేల, నీళ్ల పనికి ఎర్త్ఆర్కైవ్ ఉంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. పెట్టాక తీసేయడం అంటూ ఉండదు. 'ఉపసంహరించుకున్నాం' అని రాయొచ్చు, సవరించి రెండో వెర్షన్ పెట్టొచ్చు, కానీ మొదటిది అలాగే కనిపిస్తుంటుంది.

నైట్‌డ్యూటీ, రాయగడ
బుధవారం ఉదయం 6:20

డ్యూటీ దిగి రాస్తున్నా, మాట కాస్త గరుగ్గా ఉంటే ఏమీ అనుకోకండి.

నేను ప్రీప్రింట్లకు వ్యతిరేకిని. పుస్తకాలు చదివి కాదు, ఓపీలో కూర్చుని అయ్యాను. 2021లో మా దగ్గరకొచ్చిన ప్రతి రెండో మనిషి జేబులోనూ, కరోనాకి పనిచేస్తుందని, ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు స్ట్రిప్ ఉండేది. మందుల షాపువాడే ఇచ్చేవాడు. ఆ గాలికి కారణాల్లో ఒకటి ఈజిప్టు నుంచి వచ్చిన ప్రీప్రింట్. 2020 నవంబర్‌లో పెట్టారు. లండన్‌లో ఒక మెడికల్ స్టూడెంట్ కూర్చుని చూస్తే, వేరేచోటి నుంచి ఎత్తిన వాక్యాలూ, ఒకే రోగి వివరాలు మళ్ళీ మళ్ళీ అంటించిన వరసలూ బయటపడ్డాయి. 2021 జులైలో దాన్ని సర్వర్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అంటే ఎనిమిది నెలలు. మన రెండో వేవ్ మొత్తం ఆ ఎనిమిది నెలల్లోనే ఉంది.

మన దేశం సంగతి కూడా చెప్పనా? 2020 జనవరి 31న ఢిల్లీ నుంచి ఒక ప్రీప్రింట్ వచ్చింది, కరోనా వైరస్‌లో హెచ్ఐవీని పోలిన ముక్కలున్నాయని. విమర్శలు ముంచెత్తితే రెండు మూడు రోజుల్లో వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. మా మావయ్య మాత్రం ఇప్పటికీ పెళ్ళిళ్ళలో దాని గురించి ఉపన్యాసం ఇస్తాడు.

అమ్మాయ్, నీ పేపర్‌లో జబ్బుల ఊసేమైనా ఉందా?

బావినీళ్లు, బరంపురం
బుధవారం ఉదయం 9:05

ఒక పేరా ఉంది డాక్టర్ గారూ. ఆ ఊరి బళ్ళో పిల్లల పళ్ళ మీద పసుపు మచ్చలు చూశాం, ఇది ఫ్లోరోసిస్ కావచ్చు అని.

నైట్‌డ్యూటీ, రాయగడ
బుధవారం ఉదయం 9:11

తీసెయ్. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? పళ్ళ డాక్టర్ చూశాడా? ఎంతమంది పిల్లలు? రాసింది ఒక్క వాక్యమే అయినా ఆ ఊళ్ళో ఆడపిల్లల పెళ్ళి సంబంధాల మీద పడుతుంది. మెడ్ఆర్కైవ్ వాళ్ళయితే అనుమతి వివరం లేకుండా లోపలికే రానివ్వరు.

ఎక్స్ అంటే కై
బుధవారం మధ్యాహ్నం 1:30

డాక్టర్ గారి సలహా నూటికి నూరు పాళ్ళు సరైనది. వ్యతిరేకత మాత్రం సగమే.

కరోనాకి వాడిన స్టెరాయిడ్ మందు, డెక్సామెథసోన్ గుర్తుందా సార్? బ్రిటన్‌లో రికవరీ ట్రయల్. 2020 జూన్ 16న ఫలితం ప్రకటించారు, 22న ప్రీప్రింట్ పెట్టారు. పెద్ద జర్నల్‌లో వచ్చేసరికి జులై 17. వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో చావులు దాదాపు మూడో వంతు తగ్గాయని తేలింది. ప్రీప్రింట్ లేకుండా ఆ నెల రోజులూ ఆగాల్సి వస్తే ఏమయ్యేది?

రివ్యూ అయినవన్నీ గంగాజలమా అంటే అదీ కాదు. కరోనాకి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకం మీద లాన్సెట్ అనే పెద్ద వైద్య జర్నల్‌లో వచ్చిన పేపర్ రివ్యూ దాటే వచ్చింది. 2020 మే 22న అచ్చేసి జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. డేటా ఎక్కడిదో చూపించమంటే, దాన్ని ఇచ్చిన కంపెనీ చూపించలేకపోయింది.

నైట్‌డ్యూటీ, రాయగడ
బుధవారం మధ్యాహ్నం 2:15

డెక్సా సంగతి ఒప్పుకుంటా. మేమూ జర్నల్ కోసం ఆగలేదు. పాత మందు, చవక, మా చేతికి అలవాటైన మందు. కొత్త మందయితే అంత ధైర్యం చేసేవాళ్ళం కాదు.

మహేంద్రగిరి, పర్లాకిమిడి
బుధవారం రాత్రి 8:40

కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పీర్ రివ్యూ ఏదో వేదకాలం నుంచి ఉన్నట్టు మాట్లాడుతున్నారందరూ. 1936లో ఐన్‌స్టీన్ ఒక అమెరికన్ జర్నల్‌కి పేపర్ పంపితే ఎడిటర్ దాన్ని ఇంకొకాయనకి చూపించాడు. ఐన్‌స్టీన్‌కి ఒళ్ళు మండింది. 'అచ్చేయమని పంపాను గానీ ఎవరికో చూపించమని కాదు' అన్న ధోరణిలో ఉత్తరం రాసి పేపర్ వెనక్కి తెప్పించుకున్నాడు. తమాషా ఏమిటంటే చూసినాయన చెప్పిన తప్పు నిజంగానే తప్పు. తరవాత ఐన్‌స్టీన్ దిద్దుకుని ఇంకో పత్రికలో వేయించాడు. ఈ కథ నేను ఇరుపక్షాలకీ వాడతాను, క్లాసులో మూడ్‌ని బట్టి.

ఆర్కైవ్ విషయానికొస్తే, రష్యా గణితవేత్త పెరెల్‌మాన్ 2002, 2003లో పాయింకరే సమస్య అనే పాత గణిత చిక్కుముడి విప్పిన పేపర్లు అక్కడ పెట్టి ఊరుకున్నాడు. ఏ జర్నల్‌కీ పంపలేదు. లోకంలో గణితం వాళ్ళంతా ఏళ్ళ తరబడి కూర్చుని వరసలవారీగా చూసుకుని సరే అన్నారు. 2018లో బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి మామూలు వాతావరణ వేడిమి దగ్గరే సూపర్‌కండక్టర్ (కరెంటుకి అసలు అడ్డు చెప్పని పదార్థం) అని ఒక ప్రీప్రింట్ వచ్చింది. ఎక్కడో అమెరికాలో ఒకాయన గ్రాఫు చూసి, రెండు వేరు వేరు కొలతల్లో గీత వణుకు కూడా ఒకేలా ఉందేమిటి అని అడిగాడు. వణుకు అంటే నాయిస్, అది రెండుసార్లు ఒకేలా రాదు. గ్రాఫుని శ్రద్ధగా చూసిన మనిషి పట్టిన విషయమది.

నేనిదంతా చదవగలిగింది ఆర్కైవ్ ఉచితం కాబట్టే. 2025 నుంచి ఒకే దేశం ఒకే చందా అని కేంద్రం ముప్పై మంది ప్రచురణకర్తలతో ఒప్పందం చేసుకుని దాదాపు పదమూడు వేల జర్నళ్ళు తెరిచింది, మంచిదే. ప్రభుత్వ సంస్థలకే అది. మా పక్క వీధిలో ప్రైవేటు కాలేజీలో చెప్పే కుర్రాడు ఇప్పటికీ పేపర్ కావాలంటే నాకు మెసేజ్ పెడతాడు.

డెస్క్‌ముందు, బరంపురం
బుధవారం రాత్రి 9:25

గైడ్ గారి మూడో భయం మా జాతి గురించి కాబట్టి నేనే చెప్పాలి. పత్రికకు వార్తలు పంపి బతికేవాణ్ణి.

మీ ప్రీప్రింట్ నాకు కనిపించిందనుకోండి, నేను ఇలా రాస్తాను: 'ఇది ప్రాథమిక అధ్యయనం, ఇంకా నిపుణుల పరిశీలన కాలేదు, ఒక గ్రామంలో కొన్ని బావుల్లో ఫ్లోరైడ్ పరిమితి కంటే ఎక్కువ ఉన్నట్టు తెలుస్తోంది.' డెస్క్‌లో చోటు తక్కువ. 'ప్రాథమిక' ఎగిరిపోతుంది, 'నిపుణుల పరిశీలన' ఎగిరిపోతుంది, 'కొన్ని' ఎగిరిపోతుంది. పైన హెడ్డింగ్: బావుల్లో విషం! ఆశ్చర్యార్థకం ఫ్రీ. నేను ఇరవయ్యేళ్ళుగా ఆపలేకపోయాను.

అలాగని దాచిపెడితే? సగం తెలిసినవాడెవడో ఫోన్ చేసి చెబుతాడు. అది ఇంకా ఘోరంగా వస్తుంది. కనీసం ప్రీప్రింట్ ఉంటే చూపించి 'ఇదిగో, అసలు ఇంతే రాసింది' అనొచ్చు.

బాహుదా
గురువారం ఉదయం 7:45

నా పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర పల్లె, మెట్టినిల్లు బరంపురం. చదువుల మాటలు నాకు తెలీవు గానీ నీళ్ల మాట తెలుసు.

ఉద్దానం కిడ్నీ జబ్బు అంటే మీరంతా పేపర్లో చదివారు. నేను మా చిన్నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్ళే బండిలో కూర్చుని చదివాను. ఎందరో వచ్చారు. రక్తం తీశారు, నీళ్లు పట్టారు, మట్టి తవ్వారు. ఒకరు సిలికా అన్నారు, ఇంకొకరు పురుగుమందు అన్నారు, మరొకరు ఎండలో నీళ్లు తాగకపోవడమన్నారు. ఇదే కారణమని ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. వచ్చినవాళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి 'మీ సీసాలో ఇది కనిపించింది, ఇది కనిపించలేదు' అని మా వాకిట్లో నిలబడి చెప్పలేదు. మాకు తెలిసిందల్లా హెడ్డింగులే. ఆ హెడ్డింగులు చూసి మా పిల్లల్ని చేసుకోడానికి వెనకాడారు.

అమ్మాయ్, నువ్వు ఇంగ్లీషులో ఎక్కడ పెడతావో నీ ఇష్టం. ఆ పెద్దమ్మకి అబద్ధం ఎందుకు చెప్పావు?

బావినీళ్లు, బరంపురం
గురువారం ఉదయం 8:30

భయపడి చెప్పాను అక్కా.

కోరాపుట్ కాఫీ, జయపురం
గురువారం మధ్యాహ్నం 12:10

నేను పల్లెల్లో ఆరోగ్యం పని చేస్తాను. ఒక పాత సంగతి.

2016లో సెప్టెంబర్ నుంచి మల్కనగిరిలో పిల్లలు పోతూ ఉన్నారు. వందమందికి పైనే. మొదట అంతా దోమల వల్ల వచ్చే మెదడువాపు వైరస్ అన్నారు, పందుల్ని దూరంగా తోలించారు, దోమల మందు కొట్టారు. కొందరు పిల్లల్లో ఆ వైరస్ లేదు. నవంబర్‌లో డాక్టర్ జేకబ్ జాన్ గారి లాంటి నిపుణులు వచ్చి చూసి, బొణొ చకుండా గింజల విషం కూడా కారణం కావచ్చన్నారు. మన తెలుగులో కసింద. ఆకలేసిన పిల్లలు పచ్చికాయలు తింటారు.

నన్ను ఇప్పటికీ పొడిచే విషయం ఏమిటంటే, ఇదే మొక్కతో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లలు చనిపోయారని అంతకు ముందే పేపర్లు వచ్చి ఉన్నాయి. రివ్యూ అయ్యాయి, పేరున్న జర్నల్‌లో అచ్చయ్యాయి, అంతా పద్ధతిగానే ఉంది. మల్కనగిరిలో అంగన్‌వాడీ దీదీకి ఆ మాట తెలీదు. కాబట్టి ప్రీప్రింటా జర్నలా అని మీరు కొట్టుకుంటుంటే నాకు కొంచెం నవ్వొస్తుంది, కోపగించుకోకండి. రెండూ ఇంగ్లీషే, రెండూ పీడీఎఫే.

బ్యూరెట్టు తాత, ఛత్రపురం
గురువారం సాయంత్రం 5:50

నీటి పరీక్షల ల్యాబులో ముప్పై ఒక్కేళ్ళు చేసి రిటైరయ్యాను. అందరూ పెట్టాలా వద్దా అంటున్నారు, పెట్టబోయే అంకెలేమిటని ఒక్కరూ అడగలేదు.

అమ్మా, శాంపుల్ పట్టింది గాజు సీసాలోనా ప్లాస్టిక్ సీసాలోనా? కొలిచింది ఎలక్ట్రోడ్‌తోనా రంగు పద్ధతిలోనా? మే నెలలో, నవంబర్‌లో రెండుసార్లూ తీసిన బావులు ఆ ఊళ్ళో ఎన్ని? వాటి అంకెలు పక్కపక్కన పెట్టు.

బావినీళ్లు, బరంపురం
గురువారం సాయంత్రం 6:35

ప్లాస్టిక్ సీసాలే తాతగారూ. ఎలక్ట్రోడ్. టిసాబ్ (రీడింగు నిలకడగా రావడానికి కలిపే ద్రావణం) సగం, శాంపుల్ సగం కలిపి చదివాను. ఆ ఊళ్ళో మే నెలలో ఐదు బావులే తీశాను, నవంబర్‌లో ఇంకో ఆరు కలిపాను. రెండుసార్లూ తీసిన ఐదు ఇవి, మొదటిది మే, రెండోది నవంబర్:

0.82, 1.66
0.91, 1.80
0.78, 1.57
0.88, 1.74
0.95, 1.93

వానలకి రాతి పొరల్లోంచి ఫ్లోరైడ్ కరిగి దిగి ఉంటుందని పేపర్‌లో వివరణ రాశాం.

బ్యూరెట్టు తాత, ఛత్రపురం
గురువారం రాత్రి 7:20

వివరణ బాగుంది. అంకెలే బాగాలేవు.

వానల తరవాత బావి పలచబడొచ్చు, చిక్కబడొచ్చు, రెండూ చూశాను. ఐదు బావులూ కూడబలుక్కున్నట్టు రెట్టింపు కావడం మాత్రం చూడలేదు. ఒకటి గుట్ట పక్కన ఉంటుంది, ఒకటి చెరువు పక్కన ఉంటుంది, ఒకటి లోతు ఎక్కువ. అన్నిటికీ ఒకే లెక్క నేలకి తెలీదమ్మా, కాలిక్యులేటర్‌కే తెలుస్తుంది.

టిసాబ్ సగం కలిపావు కదా. స్టాండర్డ్స్‌కి, అంటే మీటరు సరిచూసుకునే తెలిసిన ద్రావణాలకి కూడా అలాగే సగం కలిపావా? కలిపితే రెండూ ఒకే లెక్కన పలచబడ్డాయి, మీటరు చూపించిందే జవాబు. దాన్ని మళ్ళీ రెండుతో హెచ్చవేశావేమో, ఆ రోజు నోటు పుస్తకం తీసి చూడు.

ఎక్స్ అంటే కై
గురువారం రాత్రి 7:41

అయ్య బాబోయ్.

మహేంద్రగిరి, పర్లాకిమిడి
గురువారం రాత్రి 7:58

గురువుగారూ, మీకు సాష్టాంగం.

బావినీళ్లు, బరంపురం
శనివారం ఉదయం 11:30

రెండు రోజులు కనపడనందుకు క్షమించండి. తాతగారు చెప్పిందే నిజం.

నేను ఒక్కో ఊరి శాంపుల్స్ ఒక్కో రోజు చేశాను. ఈ ఊరి రోజు నా ల్యాప్‌టాప్ పాడైతే సీనియర్ ఎక్సెల్ షీట్ వాడాను. ఆ షీట్‌లో దాచిన ఒక కాలమ్ ఉంది, డైల్యూషన్ ఫ్యాక్టర్ 2 అని. నోటు పుస్తకంలో మీటరు రీడింగులు పెన్సిల్‌తో అలాగే ఉన్నాయి. బావి 1 దగ్గర 0.83 అని నా చేతిరాతే. షీట్‌లో 1.66. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తూ ల్యాబులో కింద కూర్చుండిపోయాను.

సరి చేస్తే పదకొండులో తొమ్మిది బావులు 1.5కి లోపలే. రెండు మాత్రం ఇంకా పైన ఉన్నాయి: 1.70, 1.55. ఆ 1.70 పెద్దమ్మ వాళ్ళ బావి.

గైడ్ గారితో చెప్పాను. తిడతారనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు, తరవాత 'సంతకం నాది కూడా' అన్నారు. జర్నల్‌కి వెంటనే మెయిల్ పెట్టాం. వాళ్ళ జవాబు చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఈ నాలుగు నెలల్లో రివ్యూకి ఒప్పుకున్నది ఒక్కరేనట, ఆయన కూడా ఇంకా తెరవలేదట.

నైట్‌డ్యూటీ, రాయగడ
శనివారం మధ్యాహ్నం 12:45

ఇదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. మంగళవారం రాత్రి ఎవరో 'పెట్టెయ్' అంటే పెట్టేసేది. తొమ్మిది బావులకి లేని మచ్చ పడేది. ఆ ఊరివాళ్ళు మంచినీళ్లు మానేసి టిన్నులు కొనుక్కునేవాళ్ళు.

ఎక్స్ అంటే కై
శనివారం మధ్యాహ్నం 1:05

నేను సరిగ్గా తిరగేసి చెబుతా సార్. ఆమె ఐదు జతల అంకెలు నలుగురి ముందు పెట్టింది, నలభై ఐదు నిమిషాల్లో తప్పు బయటపడింది. నాలుగు నెలలు మూసిన గదిలో ఉంటే ఎవరూ తలుపు కూడా తట్టలేదు.

నైట్‌డ్యూటీ, రాయగడ
శనివారం మధ్యాహ్నం 1:20

ఆ నలుగురిలో తాతగారు ఉన్నారు కాబట్టి. లేకపోతే? మనమంతా ఐన్‌స్టీన్ కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్ళం.

మహేంద్రగిరి, పర్లాకిమిడి
శనివారం మధ్యాహ్నం 1:32

తగిలింది.

బ్యూరెట్టు తాత, ఛత్రపురం
శనివారం సాయంత్రం 4:15

ఇద్దరూ నన్ను మీ మీ వైపు లాక్కోకండి. ముప్పై ఒక్కేళ్ళలో ఇదే తప్పు నేను రెండుసార్లు చేశాను. మా పై ఆఫీసరు ఒకసారి పట్టుకున్నాడు, ఇంకోసారి ఎవరూ పట్టుకోలేదు.

అమ్మా, 1.55ని ఖాయమనుకోకు, మళ్ళీ కొలవాలి. 1.70 కూడా ఇంకోసారి తాజా శాంపుల్ తీసి, వేరే ల్యాబులో కూడా చేయించు. ఆ ఇంటివాళ్ళకి ముందే ఒక మాట చెప్పు. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరి పోయి ఇంకా చిక్కబడుతుంది. జనం ముందుగా చేసేది మరిగించడమే. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి ఉంది గానీ ఒక్క ఇంటికి రోజూ ఆ తంతు కష్టం. పక్క వీధి బావి బాగుంటే తాగడానికీ వంటకీ అక్కణ్ణుంచి తెచ్చుకోవడం తేలిక. స్నానానికీ బట్టలకీ వాళ్ళ బావి వాళ్ళకి చాలు.

నువ్వెళ్ళే రోజు చెప్పు, బస్సెక్కి వస్తాను. నా దగ్గర పాత ఎలక్ట్రోడ్ ఒకటుంది, పోలిక చూద్దాం.

కోరాపుట్ కాఫీ, జయపురం
శనివారం రాత్రి 8:00

వెళ్ళేటప్పుడు కాగితం ఏ భాషలో తీసుకెళ్తున్నావు? ఆ పల్లెల్లో ఇంట్లో మాట తెలుగు, బడి ఒడియా. తెలుగులో రాస్తే పిల్లలు చదవలేరు, ఒడియాలో రాస్తే పెద్దమ్మకి అందదు. ఒడియాలో రాయించి, బడికెళ్ళే పిల్లతో చదివించి, నువ్వు తెలుగులో చెప్పు. అంకెల కంటే 'ఈ బావి తాగొచ్చు, ఈ బావి వద్దు' అని ఉండాలి. ఒడియా నేను దిద్దిపెడతా.

బాహుదా
శనివారం రాత్రి 9:10

తప్పు లెక్క సంగతి కూడా చెప్పు అమ్మాయ్. ముందు పదకొండు అనుకున్నాం, లెక్క తప్పింది, రెండే అని. దాచావంటే రేపు ఇంకెవరి నోటో వింటారు.

బావినీళ్లు, బరంపురం
తరవాతి శుక్రవారం రాత్రి 9:50

వెళ్ళొచ్చాం. గైడ్ గారు, తాతగారు, నేను.

కొత్త శాంపుల్స్ తాతగారి ఎలక్ట్రోడ్‌తో, మా ఎలక్ట్రోడ్‌తో, రెండిటితో చేశాం. పెద్దమ్మ బావి 1.68, 1.72. రెండో బావి 1.46, 1.51, అంటే సరిగ్గా గట్టు మీద. పెద్దమ్మ మనవరాలు ఒడియా కాగితం గట్టిగా చదివింది, నేను తెలుగులో చెప్పాను. పెద్దమ్మ అంతా విని ఒకటే అడిగింది: 'కార్తీకంలో పట్టుకెళ్ళావు, చైత్రం పోయాక చెబుతున్నావేం?' ఇంకా రివ్యూ కాలేదు అని చెప్పబోయి ఆగిపోయాను. గైడ్ గారే 'తప్పయింది అమ్మా' అన్నారు. మజ్జిగ మాత్రం ముగ్గురికీ పోసింది, పక్క వీధి బావి నీళ్లతో.

నీళ్ల శాఖ వాళ్ళకి రాతపూర్వకంగా ఇచ్చాం. జర్నల్ పాలసీ పేజీ ప్రింటు తీసి గైడ్ గారి టేబుల్ మీద పెట్టాను, చదివి 'సరే' అన్నారు. పళ్ళ పేరా తీసేశాను డాక్టర్ గారూ. ఊరి పేరు లేదు, మ్యాపులో చుక్కలు కూడా దగ్గర దగ్గరగా కాకుండా మండలం స్థాయిలోనే పెట్టాం. పాత అంకెలు ఎలా తప్పాయో ఒక పేరా రాశాం. నిన్న ఎర్త్ఆర్కైవ్‌కి పంపితే ఇవాళ సాయంత్రం అందిందని మెయిల్ వచ్చింది, వాళ్ళు చూశాక పైకొస్తుంది. రాతప్రతి, ఎక్సెల్ షీటు రెండూ ఇక్కడ జతచేస్తున్నా. దాచిన కాలమ్‌లు లేవు.

డెస్క్‌ముందు, బరంపురం
శుక్రవారం రాత్రి 10:05

నేను వార్త రాయను. రాస్తే హెడ్డింగ్ నా చేతిలో ఉండదని చెప్పాగా. నీళ్ల శాఖ వాళ్ళు నెలలో కదలకపోతే చెప్పండి, అప్పుడు రాస్తా.

నైట్‌డ్యూటీ, రాయగడ
శుక్రవారం రాత్రి 11:40

చదివాను. పద్ధతిగా ఉంది. నా అభిప్రాయం మారలేదు.

బ్యూరెట్టు తాత, ఛత్రపురం
శనివారం ఉదయం 5:30

అమ్మా, మూడో టేబుల్‌లో బావి 23, బావి 32 వరసలు తారుమారైనట్టున్నాయి. మే నెల నోటు పుస్తకంతో సరిచూసుకో.